అద్దం మీద సబ్బు గీతలు

ఆ కంటి ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పెద్ద డాక్టరమ్మ మొదలుకొని గేటు దగ్గర చీటీలు రాసే మనిషి దాకా అందరికీ ఆమె అద్దాలక్క. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. యాభై మూడేళ్ళ మనిషి, పొట్టి, గట్టి ఒళ్ళు. కుడి మోకాలు మాత్రం ఈమధ్య చెప్పిన మాట వినడం మానేసింది. మనసు మంచిదే. నోరు మాత్రం ఊరుకునే రకం కాదు.

ఆమె పనంతా ఒక నడవా. పాత భవనంలో డాక్టర్ల గదులు, కొత్త భవనంలో ఆపరేషన్ గదులూ మంచాలూ. ఆ రెంటినీ కలుపుతూ అటు పదకొండు, ఇటు పదకొండు నిలువెత్తు అద్దాలతో ఒక గాజు నడవా కట్టారు. అటూ ఇటూ తోట. కట్టినవాళ్ళు బొమ్మ గీసి మురిసిపోయి వెళ్ళిపోయారు. ఆ మురిపెం తొమ్మిదేళ్ళుగా నిలబెడుతున్నది అద్దాలక్క చెయ్యి.

రోజూ ఉదయం ఏడింటికి బకెట్టు, వైపరు, పాత నూలుగుడ్డ, నిచ్చెన. ముందు సబ్బునీళ్ళు, తరవాత పైనుంచి కిందికి ఒకే లాగు. మధ్యలో ఆపితే చార పడుతుంది, చార పడితే ఆమెకు అన్నం సహించదు. "ఉందో లేదో తెలియకూడదు, అద్దమంటే అదీ" అనేది పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠం. ఒకసారి మందుల కంపెనీ మనిషి ఫోను మాట్లాడుతూ తిన్నగా నడిచి వచ్చి అద్దానికి కొట్టుకుని నుదురు బొప్పి కట్టించుకున్నాడు. అయ్యో పాపం అని పైకి అంది గానీ, ఆ రోజంతా ఆమె మొహం వెలిగిపోయింది.

ఆమెకు తెగని తగువు ఒకటే ఉండేది. పొద్దున్నే చూస్తే అద్దాల బయటివైపు, తన తలకన్నా కాస్త పైన, అరచేయంత మేర బూడిద అద్దినట్టు మరకలు. ఒకరోజు ఒకటి, ఒకరోజు మూడు. రోగుల వెంట వచ్చిన పిల్లలు బంతులు విసురుతున్నారని కొన్నాళ్ళు అనుకుంది. రాత్రి కాపలావాడు మాసిన దుప్పటి ఆరేస్తున్నాడని కొన్నాళ్ళు అనుకుంది. అతనితో రెండుసార్లు పోట్లాడింది కూడా. "అద్దానికి దుప్పటి ఎలా ఆరేస్తారమ్మా" అని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. ఎవరి పనైతేనేం, మరక కనబడితే తుడిచేసేది. తొమ్మిదేళ్ళూ తుడిచింది.

ఆ ఏడు పనివాళ్ళ సూపర్‌వైజరు నెలాఖరుకు దిగిపోతున్నాడు. ఆ కుర్చీ అద్దాలక్కదేనని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. కుర్చీ మీద మోజు కాదు. సూపర్‌వైజరు నిచ్చెన ఎక్కనక్కర్లేదు. మోకాలి డాక్టరు, "ఇంకో రెండేళ్ళు ఇలాగే ఎక్కి దిగితే ఆ తరవాత నడవడానికే కర్ర కావాలి" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అంచేత ఆ కుర్చీ ఆమెకు కాలితో సమానం.

అలాంటి సమయంలో కూతురి కాన్పు వచ్చి పడింది. పదకొండు రోజులు సెలవు పెట్టి వెళ్ళింది. ఆమె బదులు నడవా పని అయిపోయిందన్నకు అప్పగించారు. అతను వార్డుల్లో నేల తుడిచే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఏ పని చెప్పినా, చెప్పిన మనిషి నోరు మూసేలోపు "అయిపోయింది" అంటాడు. అందుకే ఆ పేరు.

మనవరాలిని ఎత్తుకుని, దిష్టి తగలకుండా తనే నాలుగు తిట్లు తిట్టి, పన్నెండో రోజు పనిలోకి వచ్చిన అద్దాలక్క నడవా చూసి నిలువునా కూలబడింది. ఇరవై రెండు అద్దాలకూ బయటివైపు తెల్లగా ఎండిన సబ్బు చారలు. సబ్బునీళ్ళు చల్లి, వైపరుతో అటూ ఇటూ గీకి, సగంలో వదిలేసి పోయాడు మహానుభావుడు.

"ఏం తమ్ముడూ, దీన్ని తుడవడం అంటారా, సున్నం వెయ్యడం అంటారా?"

"అయిపోయిందిలే అక్కా, పొద్దున్నే మొదలుపెట్టకు. మేనేజరు సారు రోజూ ఇటునుంచే వెళ్ళాడు. ఒక్క మాట అనలేదు."

ఆ మాటే ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది. నోరు మూసుకుని, చీర కుచ్చిళ్ళు బిగించి, రోజున్నర పాటు తోమింది. రెండో రోజు మధ్యాహ్నానికి నడవా గాలిలో తేలుతున్నట్టు తయారైంది. తోటలోంచి చూస్తే అవతలి తోట కనబడుతోంది, మధ్యలో ఏమీ లేనట్టే ఉంది. చేతులు నడుము మీద పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

మర్నాడు ఉదయం తోటమాలి రాలేదు. పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడని తరవాత తెలిసింది. తోటమాలి రోజూ ఐదున్నరకే వస్తాడు, ఆమె వచ్చేసరికి చీపురు పని ముగించి నీళ్ళు పడుతుంటాడు. ఆ రోజు తోటలో చీపురు పడలేదు. అద్దాల కింద గులకరాళ్ళ మీద మూడు పిట్టలు పడి ఉన్నాయి.

రెండు పిచ్చుకలు, ఒకటి బొటనవేలంత పసుపు పొట్ట పిట్ట. పిచ్చుకలు చల్లబడిపోయాయి. పసుపు పిట్ట ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. అద్దాలక్క తలెత్తి చూసింది. ఒక్కోదానికీ తిన్నగా పైన, అద్దం మీద, ఆమెకు తొమ్మిదేళ్ళుగా తెలిసిన మరక. చూపుడువేలితో రాసింది. బూడిద కాదు, ఈకల పొడి. ఒక మరకలో రెక్క ఆకారం కూడా కనబడుతోంది.

బతికున్నదాన్ని గుడ్డలో పట్టుకుని వార్డు సిస్టరు దగ్గరికి పరిగెత్తింది. మోకాలు సంగతి గుర్తులేదు. "నీళ్ళు పడదామా సిస్టర్?" అంది.

"వద్దక్కా, గొంతులోకి పోతే చస్తుంది. తల అదిరిపోయింది దానికి. చుక్కల మందు వచ్చిన అట్టపెట్టె ఉంటుంది చూడు, రెండు చిల్లులు పెట్టి అందులో ఉంచి మూత వెయ్యి. చీకట్లో, కదపకుండా ఒక గంట. మనం రోగులకి చెప్పేదీ అదేగా" అంది సిస్టరు.

గంట తరవాత పెట్టెలో టపటపా చప్పుడైంది. తోట చివరికి తీసుకెళ్ళి, అద్దాలకు దూరంగా మూత తీస్తే పిట్ట ఎగిరిపోయింది. మిగతా రెండింటినీ ఏం చెయ్యాలో తెలియక అద్దాలక్క కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

మర్నాడు తోటమాలి వాచిన బుగ్గతో వచ్చాడు. కాగితం పొట్లం విప్పి చూపిస్తే ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇలా ఇవ్వు చెల్లెమ్మా" అని తీసుకుని, కంచెమొక్కల మొదట్లో చిన్న గొయ్యి తీశాడు. అక్కడి మట్టి బారెడు పొడవునా ఇలాగే తవ్వి పూడ్చినట్టు ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?"

"అద్దాలు పెట్టినప్పటి నుంచి. చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కడెక్కడి పిట్టలో ఇటు వస్తాయి కదా, అప్పుడు రోజుకి మూడు నాలుగు. మిగతా రోజుల్లో ఒకటీ అరా."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"రోగులు చూస్తే బాగోదు, తెల్లారేలోపు తీసెయ్యమని మేనేజరు మొదట్లోనే చెప్పాడు. నీకు చెప్తే మాత్రం నువ్వేం చేస్తావ్? నా పని నేను చేశా, నీ పని నువ్వు చేశావ్." వాచిన బుగ్గ తడుముకున్నాడు. "ఒకటి మాత్రం చిత్రం. నువ్వు కాన్పుకి వెళ్ళిన పదకొండు రోజులూ ఒక్కటీ పడలేదు. పోనీలే, పిట్టలు దారి మార్చుకున్నాయనుకున్నా. నువ్వొచ్చావు, అవీ వచ్చాయి."

అతను మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. పదకొండు రోజులు అద్దం మురికిగా ఉంది, పిట్టలు బతికాయి. రోజున్నర తోమింది, మూడు రాలాయి. ఇందులో లెక్క తెలియనిదేముంది? ఆమె గొప్పదనం మేనేజరుకు పట్టలేదు, రోగులకు కనబడలేదు, అయిపోయిందన్నకు అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళుగా ఆమె పనితనాన్ని పూర్తిగా నమ్మినవి ఆ పిట్టలొక్కటే.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని భర్తకు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, ఏ మాటకైనా వేళాకోళం చేస్తే గానీ తిన్నది అరగదు. "అయితే ఇన్నాళ్ళూ నువ్వు అద్దం తుడవలేదే, వల పన్నావన్నమాట" అన్నాడు. ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది. ఆ తరవాత రెండు రోజులు ఆయనే వంట చేసుకుని, ఆయనే తిని, ఆయనే నాలుక కరుచుకున్నాడు.

ఊరికే కూర్చుని ఏడ్చే మనిషి కాదు అద్దాలక్క. మురికి బతికించిందంటే మురికి చెయ్యాలి. కాకపోతే అయిపోయిందన్న లాగా ఎడాపెడా చెయ్యడం ఆమె చేత కాదు. బట్టలసబ్బు బిళ్ళ అంచుతో అద్దం మీద నిలువు గీతలు గీసింది. బయట నిచ్చెనెక్కి గీస్తుంటే మేనేజరు చూస్తాడని లోపలివైపు గీసింది. ఇరవై రెండూ గీసి ఇంటికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న తోటమాలి చేతిలో మళ్ళీ రెండు పిచ్చుకలు.

తోటలోకి వెళ్ళి నిలబడి చూస్తే అర్థమైంది. బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ. బయటినుంచి చూస్తే అద్దంలో చెట్లూ ఆకాశమూ తప్ప లోపలి గీత ఒక్కటీ ఆనడం లేదు. తొమ్మిదేళ్ళు అద్దాలతో కాపురం చేసినదానికి ఈపాటి తెలియలేదా అని తనను తానే తిట్టుకుంది. నిచ్చెన బయటికి మోసుకొచ్చింది, తోటమాలి పట్టుకున్నాడు. మొదట జానెడు ఎడంగా గీసింది. ఆ సందు చూసి ఒక పిచ్చుక దూరబోయి కొట్టుకుంది. పెట్టెలో పెట్టి బతికించారు. అప్పుడు మూడు వేళ్ళ ఎడంగా గీసింది. దారానికి ఒక ఇనప బోల్టు కట్టి పైనుంచి వేలాడదీసి, ఆ దారం వెంబడే ప్రతి గీతా. మురికి చేసినా ఆమె చెయ్యి ఆమెదే కదా.

ఇరవై రెండు అద్దాలకు మూడు రోజులు పట్టింది. తోటమాలి నడవా లోపల అద్దాలకు ఆనించి పెట్టిన పూలకుండీలు మధ్యకు జరిపాడు. పిట్టలు వాటిని చూసి పొదలనుకుంటున్నాయని అతనికి ఎప్పటినుంచో అనుమానం. రాత్రి ఆఖరి మందు చుక్కలు వేశాక, వెలుతురుకు పిట్టలు రాకుండా నడవాలో దీపాలు ఆర్పే పని సిస్టరు తీసుకుంది. దాని తరవాత ఎనిమిది రోజులు తోటమాలి పార ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు ఒకటి తగిలింది, అదీ పెట్టెలోంచి లేచి ఎగిరిపోయింది.

ఇంతటితో కథ సుఖంగా ముగిసేదే, అది కంటి ఆసుపత్రి కాకపోతే.

కట్టు విప్పిన రోగులు పాత భవనానికి వెళ్ళాలంటే ఆ నడవాలోంచే వెళ్ళాలి. కొత్త చూపుతో ఏం కనబడుతుందా అని కళ్ళు విప్పార్చుకుని వచ్చిన మనిషికి ఎటు చూసినా నిలువు గీతలే. ఒక్కరోజులో పదకొండు మంది డాక్టరమ్మ గది ముందుకు తిరిగి వచ్చారు. "గీతలు కనబడుతున్నాయమ్మా, కంట్లో దారం ఏమైనా మరిచిపోయారా" అని ఒకరు, "ఆపరేషన్ ముందే నయం, మసగ్గా ఉన్నా గీతలు లేవు" అని ఒకరు. డాక్టరమ్మ ఇద్దరి రెప్పలు తిప్పి చూసి, మూడో మనిషి దగ్గర విసుగెత్తి మేనేజరుకు ఫోను చేసింది.

మేనేజరు పిలిపించాడు. చెడ్డవాడు కాదు. మాటంటే మాటే, దాన్ని వంచడం మాత్రం ఆయన వల్ల కాదు.

"అద్దాలు తుడవమని నిన్ను పెట్టుకుంటే గీతలు గీస్తున్నావా?"

"తుడిస్తే పిట్టలు చచ్చిపోతున్నాయి సార్. రోజుకి మూడు నాలుగు. తోటమాలిని అడగండి."

"నాకు తెలుసు. పాపమే. కానీ ఇది కళ్ళాసుపత్రి, పిట్టలాసుపత్రి కాదు. కళ్ళు బాగుచేసుకున్నవాళ్ళని భయపెడతామా?" కాగితం ఒకటి చూపించాడు. "ఇది సూపర్‌వైజరు కాగితం. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి నడవా ఎప్పటిలా ఉంటే శనివారం నీ చేతిలో పెడతాను. లేకపోతే అయిపోయిందన్నకిస్తాను. ఆ తరవాత నన్ను అనొద్దు."

ఇంటికి వెళ్ళి భర్తకు చెబితే ఆయన ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "మోకాలు నీది. పిట్టలు ఎవరివీ కావు. తుడిచెయ్" అన్నాడు. తప్పు మాట అని ఆమెకు అనిపించలేదు. రాత్రంతా ఆ కాలే సలిపింది.

శుక్రవారం నాలుగింటికి బకెట్టు తీసుకుని తోటలోకి వెళ్ళింది. దాచడం ఎందుకు, తుడిచెయ్యడానికే వెళ్ళింది. ఎండిన సబ్బు గీత చెరపడానికి ఎంతసేపు, తడిగుడ్డతో రాసి వైపరు లాగితే నిమిషానికో అద్దం. తోటమాలి నిచ్చెన పట్టుకున్నాడు. మొదటి అద్దం ఒకే లాగున తుడిచి దిగింది. గీతలన్నీ పోయి, అవతలి చెట్టు కొమ్మ అద్దంలోకి వచ్చి కూర్చుంది.

రెండో అద్దానికి నిచ్చెన జరుపుతుంటే వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. డెబ్బై ఏళ్ళ ముసలాయన, గేటు వైపు వెళ్తున్నవాడు ఆగాడు. గడియారాలు బాగుచేసే ఆయన. పది రోజుల క్రితం కుడికంటికి ఆపరేషన్ అయింది.

"గీసింది నువ్వేనా అమ్మా? మిగతావన్నీ బాగానే ఉన్నట్టున్నాయి గానీ, ఆ మధ్య నాలుగు వంకరగా గీశావు."

అద్దాలక్కకు ఒళ్ళు మండింది. చెరిపేస్తున్న గీతలే అయినా వంకర అంటే ఎలా ఊరుకుంటుంది? "వంకరా? దారం వేలాడేసి గీశాను బాబాయ్ గారూ. కావాలంటే చూడండి" అని కొంగు ముడిలోంచి బోల్టు కట్టిన దారం తీసి, నిచ్చెన మెట్టుకు కట్టి వదిలింది. బోల్టు రెండుసార్లు ఊగి ఆగింది. దారం నిటారుగా నిలబడింది.

ముసలాయన దారం వంక చాలాసేపు చూశాడు. "దారం కూడా వంకరగానే ఉందమ్మా" అన్నాడు. "మధ్యలో పొట్ట వచ్చినట్టు."

తోటమాలి నవ్వబోయి ఆగాడు. అద్దాలక్క నవ్వలేదు. బరువు కట్టిన దారం వంకరగా ఉండదు. అది వంకరగా ఉందంటే వంకర ఇంకెక్కడో ఉంది.

"కుడికన్ను మూసుకుని చూడండి బాబాయ్ గారూ."

"ఇప్పుడు తిన్నగానే ఉంది."

"ఇప్పుడు ఎడమది మూసుకోండి."

ఆయన మూసుకున్నాడు. దారం మళ్ళీ పొట్ట తిరిగింది. గడియారాల్లో వెంట్రుకంత స్ప్రింగుల్ని సరిచేసే మనిషికి ఆ వంకర ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

"డాక్టరమ్మకి చూపించారా ఇవాళ?"

"వరస పెద్దగా ఉంది. బాగానే కనబడుతోంది కదా, వచ్చే నెల వద్దామని వెళ్ళిపోతున్నా."

అద్దాలక్క వైపరు కింద పడేసి ఆయన చెయ్యి పట్టుకుంది. తిరిగి నడవాలోంచి నడిపించి, వరసలో కూర్చున్నవాళ్ళు గొణుగుతున్నా లెక్కచెయ్యకుండా సిస్టరుకు చెప్పి లోపలికి పంపింది. ఆయన ఆమె చెయ్యి వదల్లేదు, అందుకని ఆమె కూడా గదిలోనే నిలబడాల్సి వచ్చింది. డాక్టరమ్మ దీపం పెట్టి కంటి వెనక భాగం చూసింది, మళ్ళీ చూసింది. లోపల వాపు ఉందని, మందుకు తగ్గుతుందని, నెలాగి వచ్చుంటే చూపు దక్కడం కష్టమయ్యేదని చెప్పింది. ముసలాయన అద్దాలక్క చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. కంటికి మంచిది కాదు ఏడవకండి అని సిస్టరు కసిరింది.

ఆమె తోటలోకి వచ్చేసరికి ఐదు దాటి ఏడు నిమిషాలు. ఇంకా ఇరవై ఒక్క అద్దాలు. నిమిషానికో అద్దం తుడిచే చెయ్యి ఆమెది, గబగబా చేస్తే అయ్యే పనే. ఆ సంగతి ఆమెకు తెలుసు, నిచ్చెన పట్టుకుని ఉన్న తోటమాలికీ తెలుసు.

"చూసుకో చెల్లెమ్మా" అన్నాడు తోటమాలి. "నేను గొయ్యి తవ్వడానికి అలవాటు పడ్డవాణ్ణే. కాలు నీది."

ఆమె తుడిచిన మొదటి అద్దం వంక చూసింది. సాయంత్రపు ఎండలో అందులో చెట్టు అసలు చెట్టుకన్నా అందంగా ఉంది. ఎంత బాగా తుడిచిందో. రేపు పిట్ట నమ్మేదీ ఆ చెట్టునే. కుర్చీ కావాలి, నిజమే. ఆ కుర్చీలో కూర్చుని రోజూ పొద్దున్న తోటమాలి పార చప్పుడు వినడం మాత్రం ఆమె వల్ల కాదు.

"ఆ సబ్బుబిళ్ళ ఇలా ఇవ్వు అన్నయ్యా. నిచ్చెన మొదటి అద్దం దగ్గరికి జరుపు."

ఎక్కి, దారం వేలాడదీసి, మూడు వేళ్ళ ఎడంగా మొదటి అద్దానికి మళ్ళీ గీతలు గీసింది. ఐదున్నరకు మేనేజరు అటు వచ్చాడు. గడియారం చూసుకున్నాడు, అద్దాలు చూశాడు, నిచ్చెన మీద ఉన్న ఆమెను చూశాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

శనివారం కాగితం అయిపోయిందన్నకు ఇచ్చాడు. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దొంగతనం చేసినవాడిలా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నేనడగలేదక్కా."

"నాకు తెలుసు తమ్ముడూ. వెళ్ళి కూర్చో. నేల మాత్రం సరిగ్గా తుడిపించు" అని పంపించింది. ఆ తరవాత సామాన్ల గదిలోకి వెళ్ళి, చీపుర్ల మధ్య నిలబడి, తలుపేసుకుని ఏడ్చింది. తొమ్మిదేళ్ళ పనికి వచ్చే కుర్చీ అది, ఏడవదా మరి. మొహం కడుక్కుని వచ్చి పని చేసుకుంది.

సోమవారం డాక్టరమ్మ నడవాలోకి వచ్చింది. గీతల ముందు నిలబడి ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. "ఇవి చెరపొద్దు" అని మేనేజరుకు చెప్పింది. అప్పటినుంచి కట్టు విప్పిన ప్రతివాళ్ళకూ సిస్టరు చెబుతుంది, "నడవాలో గీతలుంటాయి, భయపడకండి. ఒక్కో కన్నూ మూసి చూడండి. గీత వంకరగా కనబడితే వెంటనే వెనక్కి రండి" అని. గీతలు ఉండిపోయాయి. కుర్చీ సంగతి డాక్టరమ్మకు తెలియదు. మేనేజరు ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకోలేదు. అద్దాలక్క అడగలేదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ చలిగాలి మొదలైంది. ఆమె ఇప్పుడు ఎడమకాలు ముందు పెట్టి నిచ్చెన ఎక్కుతుంది, దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా ఆగుతుంది. సబ్బు గీత వానకు నిలవదు. వాన వెలిసిన ప్రతిసారీ ఇరవై రెండు అద్దాలూ మళ్ళీ మొదటినుంచి. ఒక వాన వెలిసిన ఉదయం సూపర్‌వైజరు హోదాలో అయిపోయిందన్న వచ్చి, పైకి చూసి అలవాటుగా అడిగాడు, "అయిపోయిందా అక్కా?"

"దీనికి అయిపోవడం ఉండదు తమ్ముడూ. ఆ దారం ఇటు అందుకో."

అతను అందించాడు. ఆమె పదో అద్దం మీద గీస్తోంది. పక్కన తొమ్మిదోది అప్పుడే పూర్తయింది. తోట చివరనుంచి పసుపు పొట్ట పిట్ట ఒకటి బయలుదేరి, నడవా మీదికి తిన్నగా, విసిరిన రాయిలా వచ్చింది. ఆమె చెయ్యి గీత మధ్యలో ఆగిపోయింది. అరవడానికి కూడా వ్యవధి లేదు. పిట్ట తొమ్మిదో అద్దానికి మూరెడు దూరంలో రెక్కలు వెనక్కి కొట్టుకుని, గాల్లో ఒక్క క్షణం నిలబడి, పైకి లేచి, కప్పు మీదుగా అవతలి తోటలోకి వెళ్ళిపోయింది.

"ఏమైందక్కా?" అన్నాడు కిందనుంచి అయిపోయిందన్న.

"ఏం లేదు. అద్దాన్ని చూసింది" అంది. పదేళ్ళలో తన అద్దాన్ని ఒక ప్రాణి చూసి ఆగడం ఆమె కంటపడడం అదే మొదలు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆగిన చోటునుంచి గీత కిందికి దింపింది. మధ్యలో ఆగినచోట చిన్న వంకర పడింది. దాన్ని తుడిచి మళ్ళీ గీసింది.